టెన్నెసీ బిస్కెట్‌లో గుడ్డు, పంచదార ఎందుకండీ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ వంటల పేజీలో అమెరికా వాళ్ళ ‘బిస్కెట్స్ అండ్ గ్రేవీ’ అని ఒక టిఫిన్ వేశారు. నేను పుట్టి పెరిగింది తెనాలిలో, పదహారేళ్ళుగా ఉంటున్నది టెన్నెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్‌లో మీ పత్రిక తిరగేయడం నాకు అలవాటు. ఆ పేరు కనబడగానే మా ఊరి టిఫిన్ మన పేపర్లోకి వచ్చిందే అని ఎంత సంబరపడ్డానో, కింద చదివేసరికి అంత బాధేసింది. బొమ్మేమో టీలో ముంచుకునే గుండ్రటి బిస్కెట్లది. కొలతల్లో రెండు గుడ్లు, అరకప్పు పంచదార. గ్రేవీ అని చెప్పి నీళ్ళలో మొక్కజొన్న పిండి కలిపి ఉడికించి, పైన కొత్తిమీర చల్లమన్నారు. ఎవరైనా పిల్లల కోసం ముచ్చటపడి ఇది చేస్తే, తియ్యటి బిస్కెట్ల మీద జిగురు నీళ్ళు పోసుకుని ఒక ముద్ద తిని, ఇదేం తిండిరా బాబూ అని గిన్నె పక్కన పెట్టేస్తారు. వాళ్ళ మైదా, వెన్న దండగ కావడం ఒక బాధ, ఒక మంచి వంటకి లేనిపోని చెడ్డపేరు రావడం ఇంకో బాధ. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. చోటు చాలకపోతే నా సొంత సంగతులు తీసేయండి, కొలతలు మాత్రం ఉంచండి.

అసలు తిరకాసంతా పేరు దగ్గరే. బిస్కెట్ అనే మాటకి లాటిన్‌లో మూలం రెండుసార్లు కాల్చినది అని. ఓడల్లో నెలల తరబడి పాడవకుండా ఉండటానికి గట్టిగా ఎండగొట్టిన రొట్టె అది. ఇంగ్లీషువాళ్ళు ఆ పేరుని కరకరలాడే వాటికే ఉంచుకున్నారు, మనకి ఆ మాట వాళ్ళ దగ్గర నుంచే వచ్చింది కాబట్టి మనకి బిస్కెట్ అంటే ఇరానీ చాయ్‌లో ముంచే ఉస్మానియా. అమెరికాలో మాత్రం అదే పేరు ఒక మెత్తటి చిన్న రొట్టెకి స్థిరపడిపోయింది. ఇది ఒక్కసారే కాల్చేది. ఈస్టు ఉండదు, గుడ్డు ఉండదు. పైన లేతగా కరకర, లోపల పొరలు పొరలు, చేత్తో విప్పితే తాపేశ్వరం మడతకాజా విచ్చుకున్నట్టు విచ్చుకుంటుంది, కాకపోతే పాకం లేదు, తీపి లేదు. ఇక గ్రేవీ అంటే మనం అనుకునే కూర గ్రేవీ కాదు. పంది మాంసం సాసేజ్ వేయించాక మూకుడులో మిగిలిన కొవ్వులో గోధుమపిండి వేయించి, పాలు పోసి చిక్కబరిచి, మిరియాల పొడి దండిగా వేస్తారు. తెల్లగా, చిక్కగా, ఘాటుగా ఉంటుంది. మనవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే పూరీకి బొంబాయి చట్నీ ఎలాగో బిస్కెట్‌కి ఇది అలాగ. అక్కడ శనగపిండి నీళ్ళలో ఉడికి చిక్కబడుతుంది, ఇక్కడ గోధుమపిండి పాలలో. మీ పేజీలో ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే తెలుగు రాష్ట్రాల్లో సగంమందికి విషయం అర్థమైపోయేది.

మీరు రాసినదాంట్లో నాకు ఇంకా బాధ కలిగించింది ‘సంపన్న దేశపు భారీ అల్పాహారం’ అన్న మాట. ఇది కలిగినవాళ్ళ వంట కాదండీ. మా ఊరికి ఓ గంట ప్రయాణంలో స్మోకీ కొండలున్నాయి, ఆకులు రంగు మారే రోజుల్లో మన తెలుగువాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని చూడ్డానికి వస్తారు. అది నేషనల్ పార్కు అయింది 1934లో. అంతకు ముందు అక్కడ అడవి నరికేవాళ్ళు. 1901లో మొదలైన లిటిల్ రివర్ లంబర్ కంపెనీ అని ఒకటి టౌన్‌సెండ్‌లో సామిల్లు పెట్టి, కొండల్లోకి రైలు పట్టాలేసి, దుంగలు కిందికి దింపేది. అలాంటి అడవి క్యాంపుల్లో తెల్లవారకముందే గొడ్డలీ రంపం పట్టే మనుషులకి పొద్దున్నే చవగ్గా, త్వరగా, కడుపు నిండేలా ఏదో ఒకటి పెట్టాలి. పంది కొవ్వు, పిండి, పాలు ఉంటే చాలు, కాస్త మాంసంతో పదిమందికి సరిపెట్టొచ్చు. అందుకే ఇక్కడ దీన్ని ఇప్పటికీ సామిల్ గ్రేవీ అంటారు, మన తెనాలిలో సామిల్లు అంటామే, అదే సామిల్లు. గోధుమపిండి అందని రోజుల్లో మొక్కజొన్న పిండి బరకది వేసేవాళ్ళట, అది నాలిక్కి గరుగ్గా తగిలితే రంపపు పొట్టు కలిపావా అని కూలీలు వంటవాణ్ణి నిలదీసేవాళ్ళని ఆ పేరుకి ఒక కథ కూడా చెప్తారు.

బిస్కెట్ కథ ఇంకా పాతది, ఇంకా కష్టమైనది. బేకింగ్ పౌడర్ లేని కాలంలో ఈ రొట్టె పొంగడానికి పిండిముద్దని మొద్దు మీద పెట్టి కర్రతో అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు బాదేవాళ్ళు, గాలి పట్టి కాస్త లేవాలని. ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో ఆ బాదేది ఎక్కువగా బానిసలుగా ఉన్న నల్లజాతి ఆడవాళ్ళు. యజమానుల ఇంటి టిఫిన్ కోసం వాళ్ళ రోజు ఆ దెబ్బల చప్పుడుతో మొదలయ్యేది. 1856లో హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హోర్స్‌ఫర్డ్ సోడాతో కలిసి పనిచేసే ఫాస్ఫేట్ పొడికి పేటెంట్ తీసుకున్నాక, అలాంటి పొడులు బజార్లోకి వచ్చాక ఈ వంట అందరి చేతికీ అందింది. ఈ ముద్దల్ని ఒకే తీరున కోసే కట్టర్‌కి 1875లో పేటెంట్ తీసుకున్న అలెగ్జాండర్ ఆష్‌బోర్న్ కూడా నల్లజాతివాడే. ఇప్పుడు హోటళ్ళలో తెల్ల ప్లేట్లలో పెడుతున్న వంట వెనక ఎవరెవరి చేతులున్నాయో చెప్పడం వంటల పేజీ పని కాదని నేను అనుకోను.

నాకు ఇది నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. మేం వచ్చిన కొత్తలోనే ఆవిడకి ఎనభై దాటాయి. వాళ్ళ నాన్న కుర్రతనంలో ఆ అడవి క్యాంపుల్లో పనిచేశాడట. మా పెద్దవాడు పుట్టి ఇరవై రోజులు, మా ఆయనకి నైట్ షిఫ్ట్, అమ్మకి వీసా రాలేదు. పిల్లాడు రాత్రంతా ఏడ్చిన ఒక శనివారం పొద్దున ఆవిడ తలుపు తట్టి, గుడ్డ కప్పిన ఇనప మూకుడు బల్ల మీద పెట్టి, ‘నువ్వు ముందు తిను హనీ, పిల్లాణ్ణి నేను ఎత్తుకుంటా’ అంది. బాలింతకి మన ఇళ్ళల్లో వెల్లుల్లి కారం, నెయ్యి అన్నం పెట్టే రోజులవి, పైగా పంది మాంసం నేను అప్పటిదాకా ముట్టలేదు. ఆ రోజు ఏమీ అడగలేదు. గుడ్డ తీస్తే వేడి వెన్న వాసన, దాని వెనకే మిరియాల ఘాటు. నిలబడే రెండు తినేశాను. అంత వేడిగా, ఒకరు చేసి పెడితే తిని నాకు అప్పటికి మూడు వారాలైంది.

ఆ తర్వాత రెండేళ్ళపాటు వీలైన శనివారమల్లా ఆవిడ వంటింట్లో నిలబడి చూశాను. కొలత కప్పు ఉండేది కాదు. గట్టు మీద ఒక వెడల్పాటి చెక్క గిన్నె, దాన్లో ఎప్పుడూ సగానికి పిండి. మధ్యలో పిడికిలితో గుంట చేసి, ఆ గుంటలో కొవ్వు వేసి, మజ్జిగ పోసి, వేళ్ళతో చుట్టూ ఉన్న పిండిని కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంటూ కలిపేది. తడి ఎంత అడిగితే అంతే పిండి లోపలికొచ్చేది. ముద్ద బయటికి తీశాక మిగిలిన పిండిని జల్లించి, గుడ్డ కప్పి మర్నాటికి ఉంచేది. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు పక్కలకి వంగిపోయాయి, స్వెటర్ గుండీలు పెట్టుకోలేక నన్ను పెట్టమనేది. అవే వేళ్ళు పిండిలోకి వెళ్ళాక ఎక్కడా తడబడేవి కాదు. మా అమ్మమ్మ అరిసెల పాకం నీళ్ళలో వేసి రెండు వేళ్ళతో నలిపి చూసే తీరు నాకు ఆ గిన్నె దగ్గర ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

ఇప్పుడు పిండి సంగతి. పిండి కొద్దీ రొట్టె అని మన పెద్దలు ఎంత పిండికి అంత రొట్టె అనే అర్థంలో అన్నా, ఈ బిస్కెట్ దగ్గర పిండి గుణం కొద్దీ రొట్టె. అమెరికా ఉత్తరాన పండే గట్టి గోధుమలో ప్రొటీన్ ఎక్కువ, అది బ్రెడ్‌కి బాగుంటుంది, సాగుతుంది. మా దక్షిణాది వైపు పండేది మెత్తటి శీతాకాలపు గోధుమ, దాని పిండిలో ప్రొటీన్ తొమ్మిది శాతం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అందుకే బిస్కెట్ ఇక్కడి వంట అయింది. నాక్స్‌విల్‌లోనే 1883లో మొదలైన వైట్ లిలీ పిండి అంటే ఇక్కడివాళ్ళకి ప్రాణం. 2008లో ఈ ఊళ్ళో ఆ మిల్లు మూసేసి వేరే రాష్ట్రంలో ఆడించడం మొదలుపెట్టినప్పుడు ముసలావిడలు ఊళ్ళో పెద్దమనిషి పోయినంతగా బాధపడ్డారని నేను వచ్చాక విన్నాను. మన దగ్గర అది దొరకదు. ఫరవాలేదు, మామూలు మైదా చాలు. ఇంకా మెత్తగా కావాలంటే ప్రతి కప్పు మైదాలో రెండు పెద్ద చెంచాలు తీసేసి, అంతే మొక్కజొన్న పిండి, అదే కార్న్‌ఫ్లోర్ అంటామే అది, కలిపి జల్లించండి. చపాతీ పిండితో మాత్రం ఇది రాదు, ఆరోగ్యం అని అది వాడితే బరువుగా కూర్చుంటుంది.

నలుగురికి ఎనిమిది బిస్కెట్లు అనుకుందాం. రెండు కప్పుల మైదా, అంటే 250 గ్రాములు. మూడు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, చిన్న చెంచాలో పావు వంతు వంటసోడా, ఒక చిన్న చెంచా ఉప్పు. వెన్న 85 గ్రాములు, మన బజార్లో దొరికేది ఉప్పు వెన్న కాబట్టి అది వాడితే విడిగా వేసే ఉప్పు సగం చెయ్యండి. మజ్జిగ ముప్పావు కప్పు, ఇంకో రెండు చెంచాలు దగ్గర ఉంచుకోండి. ఇక్కడ మజ్జిగ దగ్గర చాలామంది దెబ్బతింటారు. అమెరికాలో కొనే మజ్జిగ మనం అన్నంలోకి పోసుకునే పల్చటి మజ్జిగ కాదు, గరిటె జారుగా చిక్కగా, పుల్లగా ఉంటుంది. ఒకరోజు బయట ఉంచి పులిసిన పెరుగులో నాలుగో వంతు నీళ్ళు పోసి కవ్వంతో చిలికితే సరిగ్గా అదే. ఆ పులుపు రుచికే కాదు, సోడా మీద పనిచేసి గాలి పుట్టించేది అదే, పులుపు లేకపోతే బిస్కెట్ అంతగా పొంగదు, పైగా సోడా వాసనేస్తుంది.

వెన్న రాయిలా చల్లగా ఉండాలి. హైదరాబాద్‌లో మా తమ్ముడి భార్య ఏప్రిల్ నెలలో నేను చెప్పినట్టే చేసి, వెన్న గిన్నెలోనే కరిగిపోయిందని ఫోన్ చేసింది. కరిగితే పొరలు రావు. పిండిలో చిన్న చిన్న వెన్న ముక్కలు విడిగా ఉండి, పొయ్యిలో వేడికి కరిగి, దాన్లోని తడి ఆవిరై, ఆ చోట ఖాళీ వదిలి పోవాలి, పొర అంటే ఆ ఖాళీయే. రెండోసారి తను వెన్నని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, పొద్దున క్యారెట్ కోరే కోరుతో పిండిలోకి కోరి, పిండి గిన్నె కూడా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టింది. ఫొటో పంపింది, నేను చేసినవాటికన్నా ఎత్తుగా ఉన్నాయి.

తర్వాత మజ్జిగ పోసి ఫోర్కుతోనో చేత్తోనో పదిహేనుసార్లు తిప్పండి, అంతే, ఆపేయండి. మన ఆడవాళ్ళందరికీ ఇక్కడే కష్టం. మన చేతులకి చిన్నప్పటి నుంచి చపాతీ, పూరీ పిండి మర్దించడమే తెలుసు, నున్నగా అయ్యేదాకా మనసొప్పదు. నేను మొదటి నెల చేసినవన్నీ గట్టిగా రావడానికి కారణం అదొక్కటే. మర్దించిన కొద్దీ పిండిలో సాగే గుణం వస్తుంది, అది చపాతీకి కావాలి, దీనికి అస్సలు పనికిరాదు. ముద్ద అతుకుల బొంతలా, అక్కడక్కడ పొడి పిండి కనబడుతూ ఉన్నా సరే. గట్టు మీద పిండి చల్లి దానిమీద వేసి, అరచేత్తో తట్టి, దుప్పటి మడతపెట్టినట్టు మడిచి, మళ్ళీ తట్టి మళ్ళీ మడవండి, మూడు నాలుగుసార్లు. చివరికి అంగుళం మందాన తట్టండి, అప్పడాల కర్ర కూడా వద్దు. కోయడానికి స్టీలు గ్లాసు వాడకండి, దాని అంచు మొద్దు, పొరల్ని నొక్కి మూసేస్తుంది. పదునైన కట్టర్ లేకపోతే చాకుతో నలుచదరంగా కోసుకోండి, నేను ఇప్పుడు అలాగే కోస్తాను, ముక్క వృథా కాదు. కట్టర్ అయితే నిటారుగా దింపి నిటారుగా తియ్యాలి, తిప్పకూడదు. ట్రేలో ఒకదానికొకటి ఆనించి పెట్టండి, పక్కది ఆసరా ఉంటే పక్కలకి పోకుండా పైకి లేస్తాయి. ఓవెన్ ముందే పదిహేను నిమిషాలు 220 డిగ్రీల వేడి మీద ఉండాలి. లోపల పెట్టాక పద్నాలుగు, పదహారు నిమిషాల్లో పైన బంగారం రంగు వస్తుంది. తీయగానే కరిగిన వెన్న పైన రాయండి.

బిస్కెట్లు ఓవెన్లో ఉండగానే గ్రేవీ అయిపోవాలి, రెండూ వేడిగా కలవాలి. ఇక్కడివాళ్ళు అరకిలోకి కాస్త తక్కువ సాసేజ్ ఖీమా తీసుకుంటారు, పంది మాంసంలో మిరియాలు, ఎండుమిరప ముక్కలు, సేజ్ అనే ఆకు కలిపి ఉంటుంది. ఇనప మూకుడులో నూనె వెయ్యకుండా, గరిటెతో పొడిపొడి చేస్తూ, అక్కడక్కడ ఎర్రగా మాడీ మాడనట్టు అయ్యేదాకా వేయించాలి. అడుగున అంటుకున్న ఆ ఎరుపే తర్వాత రుచి, దాన్ని గీకి పారేయకండి. కొవ్వు బయటికొచ్చాక నాలుగు పెద్ద చెంచాల మైదా మాంసం మీదే చల్లి, సన్నని సెగ మీద రెండు మూడు నిమిషాలు కలుపుతూ వేయించాలి. పిండి రేణువుకి రేణువుకి మధ్య కొవ్వు చేరుతుంది కాబట్టే తర్వాత పాలు పోసినా ఉండలు కట్టదు. మీరు రాసినట్టు నీళ్ళలో పిండి కలిపి పోస్తే చిక్కదనం వస్తుందేమో గానీ ఆ వేగిన కమ్మదనం ఎక్కడి నుంచి వస్తుంది?

అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు నేను ఇది చేస్తుంటే పక్కన నిలబడి మూకుడులోకి తొంగిచూసి, ‘పచ్చివాసన పోయిందటే?’ అంది. ఆ వంట పేరేంటో అమ్మకి తెలీదు, అప్పటికి ఒక్క ముద్ద తినలేదు, అయినా అడగాల్సిన మాట అదొక్కటే అడిగింది. నేను ఇంకా వాసన చూస్తున్నాను, అమ్మే గరిటె లాక్కుని ఇంకో నిమిషం తిప్పి, ‘ఇప్పుడు పోసుకో పాలు’ అంది. అరలీటరు పైన చిక్కటి పాలు, ముందు అరకప్పు పోసి బాగా కలిపి, అది ముద్దలా అయ్యాక ఇంకో అరకప్పు, అలా విడతలుగా. మొత్తం ఆరేడు వందల మిల్లీలీటర్లు పడుతుంది. ఉడుకు పట్టాక చిక్కబడుతుంది, గరిటె వెనకభాగానికి పట్టి, వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. దించాక ఇంకా బిగుస్తుంది కాబట్టి కాస్త జారుగా ఉండగానే ఆపండి. ఉప్పు చివర్లో, సాసేజ్‌లో ముందే ఉంటుంది.

మిరియాలు మాత్రం అప్పటికప్పుడు దంచినవే, బరకగా, ఒక చిన్న చెంచా నిండుగా. డబ్బాలో బూడిద రంగు పొడి వద్దు. మసాలా అంటే ఈ వంటలో అదొక్కటే కదా, దాన్నీ పాతది వేస్తే ఇక మిగిలేది పాలు, పిండి. మన దగ్గర పాడేరు, అరకు కాఫీ తోటల్లో మిరియం తీగలు పాకిస్తారు, ఆ మిరియాలు దొరికితే వాటినే రోట్లో దంచండి, టెన్నెసీలో నాకు అంత మంచివి దొరకవు. గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద, కరివేపాకు వెయ్యొద్దని గట్టిగా చెప్తున్నాను. అవి చెడ్డవని కాదు, ఒక్కసారైనా దాన్ని దానిలాగే తినండి, ఆ తర్వాత మీ ఇష్టం.

పంది మాంసం తినని ఇళ్ళు మనలో ఎక్కువ. మా అమ్మ కోడి తప్ప ఇంకే మాంసం ముట్టదు. అందుకని కోడి ఖీమాతో చేశాను. దాన్లో కొవ్వు తక్కువ, మూడు పెద్ద చెంచాల వెన్న వేస్తే గానీ పిండి వేగదు. మిరియాలు, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప, ఉప్పు ఖీమాలో రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెడితే బాగుంటుంది. ఎండు సేజ్ ఆకు దొరికితే చిటికెడు, లేకపోతే మానేయండి. అసలు మాంసమే వద్దంటే పుట్టగొడుగుల్ని సన్నగా తరిగి, వెన్నలో వాటి నీరంతా ఇగిరిపోయి ఎర్రబడేదాకా వేయించి, అక్కడి నుంచి అంతా ఇదే పద్ధతి. బిస్కెట్‌లో ఎలాగూ గుడ్డు లేదు, కాబట్టి శాకాహారులకి అడ్డేమీ లేదు, మీరు గుడ్లు రాసి ఆ దారి కూడా మూసేశారు.

అమ్మకి ఆ వంటకన్నా ఎక్కువ నచ్చింది మూకుడు. ఇక్కడివాళ్ళు బరువైన పోత ఇనప మూకుడు వాడతారు, మా రాష్ట్రంలోనే సౌత్ పిట్స్‌బర్గ్ అనే ఊళ్ళో లాడ్జ్ అనే కంపెనీ 1896 నుంచీ పోత పోస్తోంది. సబ్బుతో బరబరా తోమరు, నూనె పట్టించి పెడతారు, తల్లి నుంచి కూతురికి వస్తుంది. అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, ‘ఇది మన దిబ్బరొట్టె మూకుడే కదే’ అంది. మర్నాడు మినప్పిండి రుబ్బించి నిజంగానే దాన్లో దిబ్బరొట్టె కాల్చింది, అడుగున ఆ ఎర్రటి పెచ్చు, పక్కింటి పెద్దావిడకి ఒక ముక్క పంపింది. ఆవిడ తిని, అడుగు పెచ్చు ఉన్న ముక్క ఇంకోటి అడిగింది. ఒకరి భాష ఒకరికి రాదు, ఆ మూకుడు మధ్యలో పెట్టుకుని ఇద్దరూ మధ్యాహ్నమంతా కూర్చున్నారు.

అమ్మ తెనాలి తిరిగి వెళ్ళాక అక్కడ ఓవెన్ లేదు. అయినా ఆ బిస్కెట్లు చెయ్యాలని పట్టుబట్టింది. దిబ్బరొట్టె మూకుడులో వెన్న రాసి, ముక్కల్ని కాస్త పల్చగా, ముప్పావు అంగుళం తట్టి పెట్టి, మూతపెట్టి, సన్నని సెగ మీద ఎనిమిది నిమిషాలు ఉంచి, తిరగేసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. రెండు వైపులా ఎరుపు, పక్కలు తెల్లగా ఉంటాయి, ఓవెన్‌లో పొంగినంత పొంగవు. కానీ విప్పితే పొరలున్నాయి, వీడియో కాల్‌లో నాకు విప్పి చూపించింది. కాబట్టి ఓవెన్ లేని పాఠకులు కూడా మొదలుపెట్టొచ్చని రాయండి.

ఇంకో సంగతి. మీరు చివర్లో తీరిక లేకపోతే రెడీమేడ్ డబ్బా కొనుక్కోమన్నారు. ఆ డబ్బా పిండి కొత్తదేం కాదు, 1931లోనే కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో ఉండే ఒకాయన దానికి పేటెంట్ తీసుకున్నాడు. డబ్బాని గట్టు అంచుకి కొడితే టప్‌మని విచ్చుకుని ముద్దలు బయటికొస్తాయి. కొనేవాళ్ళని నేను తప్పుపట్టను, రెండు ఉద్యోగాలు చేసే తల్లికి పొద్దున్నే అంత ఓపిక ఎక్కడిది. కానీ ఇంట్లో చేస్తే గిన్నెలో పిండి పోసిన దగ్గర నుంచి ట్రే బయటికి తీసేదాకా మొత్తం ముప్పై అయిదు నిమిషాలు, అందులో సగం ఓవెన్ పని. ఇడ్లీకి పప్పు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టే మనకి ఇది పెద్ద పనా? డబ్బాలో వచ్చేదానికి ఆ మజ్జిగ పులుపు ఉండదు. మా చిన్నది నాలుగేళ్ళప్పుడు స్నేహితురాలింట్లో అది తిని వచ్చి, వాళ్ళింట్లో బిస్కెట్‌లో మజ్జిగ మర్చిపోయారమ్మా అంది.

ఆరోగ్యం గురించి మీరు చేసిన హెచ్చరిక సబబే. ఉప్పు, కొవ్వు ఎక్కువే, రోజంతా దుంగలు మోసేవాళ్ళ తిండి, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళం రోజూ తినేది కాదు. మేం నెలకి రెండు శనివారాలు చేసుకుంటాం, ఒక్కొక్కరికి రెండు, పక్కన కోసిన టమాటా ముక్కలు, మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెడతాం. పిల్లలు ఎప్పుడైనా గ్రేవీ బదులు పానకం అడుగుతారు, ఇక్కడ సోర్గమ్ అని ఒక జొన్న జాతి మొక్క కాండం నుంచి తీసే పానకం ఉంటుంది, అచ్చం మన చెరుకు పానకంలాగే వెన్నతో బిస్కెట్ మధ్య వేసుకుంటారు. పండిన మామిడిపండు జామ్‌తో తిన్నా బాగుంటుంది, అది మా ఇంట్లో పుట్టిన అలవాటు.

పక్కింటి పెద్దావిడ ఇప్పుడు లేరు. ఆ చెక్క గిన్నె మనవరాలు తీసుకెళ్ళింది, గుడ్డ కప్పి తెచ్చిన ఆ ఇనప మూకుడు నాకు ఇచ్చి వెళ్ళింది. మీ పేజీలో ఆ టీ బిస్కెట్ల బొమ్మ కింద ఈ వంట పేరు చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడే. ఆవిడ తెలుగు చదవలేదు, అయినా ఆవిడ వంట మన భాషలో తప్పుగా అచ్చయిందంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

నేను కోరేది ఇంతే. వచ్చే ఆదివారం అదే పేజీలో, చిన్న పెట్టె కట్టి అయినా సరే, సవరణ వెయ్యండి. గుడ్లు తీసేయండి, పంచదార తీసేయండి, నీళ్ళ బదులు పాలు అని రాయండి, పిండిని ముందు కొవ్వులో పచ్చివాసన పోయేదాకా వేయించమనండి, ముద్దని మర్దించొద్దని పెద్ద అక్షరాల్లో వెయ్యండి. బొమ్మ కూడా మార్చండి. మీ దగ్గర సరైనది లేకపోతే నేను పంపిస్తాను, ఈ శనివారం పొద్దున మా పెద్దవాడు చేస్తానన్నాడు, ఓవెన్‌లోంచి తీయగానే ఆ మూకుడుతో సహా ఫొటో తీసి మీకు పంపుతాను.

నమస్కారాలతో,
ఒక పాఠకురాలు,
నాక్స్‌విల్, టెన్నెసీ